యానాం పొలిమేర నుంచి ‘ఆరు సారా కథలు’

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ వెలువడి అరవయ్యేళ్లు దాటింది. ఇంతకాలమూ మనం ఆ కథల్ని ఒక పద్ధతిలో చదువుతూ వచ్చాం. మద్యనిషేధ చట్టం పేదవాళ్లను పీడించే సాధనంగా ఎట్లా మారిందో, పోలీసులూ ప్లీడర్లూ న్యాయస్థానాలూ ఆ పీడనలో ఎట్లా వాటాదార్లయారో చూపించి, వర్గసమాజంలో చట్టానికుండే స్వభావాన్ని బట్టబయలు చేసిన కథలని వాటిని మెచ్చుకున్నాం. ఆ మెప్పులో తప్పు లేదు. అయితే 1991 తర్వాత దేశంలో ఆర్థిక విధానంతో పాటు పాఠకుడూ కొంత మారాడు.

ఇప్పుడు అవే కథల్ని చేతబట్టుకుని ఇంకొక పాఠకుడు సాహిత్య సభల్లో లేచి నిలబడుతున్నాడు. చదువుకున్నవాడే, రావిశాస్త్రి అంటే గౌరవం ఉన్నవాడే. అతని వాదన సుమారుగా ఇట్లా ఉంటుంది: ప్రభుత్వం ఒక సరుకును నిషేధించింది. తాగేవాళ్లు తాగడం మానలేదు కనక సరుకు మాయం కాలేదు, చాటుకు పోయింది. చాటున అమ్మేవాడికి అండ కావలసివచ్చింది. అండ అమ్ముకోవడానికి పోలీసు సిద్ధమయాడు, పోలీసు పెట్టిన కేసులోంచి బయట పడెయ్యడానికి ప్లీడరు సిద్ధమయాడు. ఈ మొత్తం అవినీతికి మూలం నిషేధం, అంటే ప్రభుత్వ జోక్యం. కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ వాళ్ల మానాన వదిలేసి ఉంటే ‘మాయ’ కథలో ముత్యాలమ్మకు కేసుతో పని లేకుండా పోయేది. అంచేత రావిశాస్త్రి తనకు తెలియకుండానే స్వేచ్ఛా మార్కెట్టు తరఫున సాక్ష్యం చెప్పాడు.

ఈ వాదనను వెక్కిరించి పంపెయ్యడం తేలిక. మనవాళ్లు చాలామంది చేస్తున్నది అదే. కాని అందులో కొంత నిజం ఉంది, ఉంది గనకే కొత్తగా రాస్తున్నవాళ్లు కొందరు దానివైపు మొగ్గుతున్నారు. నిషేధం లేకపోతే నిషేధం వల్ల పుట్టే అవినీతి ఉండదన్నది ఎవరూ కాదనలేరు. తేల్చవలసింది దాని తర్వాతి మెట్టు. జోక్యం తొలగిన చోట మిగిలేది స్వేచ్ఛేనా? దీన్ని ఊహించి తేల్చనక్కరలేదు. కోస్తా జిల్లాల్లో నిషేధం ఉన్న రోజుల్లో, నిషేధం లేని తెలుగు ఊరు ఒకటి గోదావరి ఒడ్డున ఉండేది. ఇప్పటికీ ఉంది. రావిశాస్త్రి కథలు విశాఖపట్నం కోర్టుల్లో ఆయన వకీలుగా తిరిగిన అనుభవంలోంచి పుట్టినవి. వాటిని ఒకసారి యానాం పొలిమేరలో నిలబడి చదివి చూద్దాం.

యానాం విస్తీర్ణం ముప్ఫై చదరపు కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్లు 1723లో అక్కడ వర్తకస్థానం పెట్టారు. ఇంగ్లీషువాళ్లతో యుద్ధం వచ్చినప్పుడల్లా పోగొట్టుకుంటూ, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి తీసుకుంటూ 1954 దాకా ఏలారు. ఆ ఏడు నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తయింది. భాష తెలుగు, తాగే నీళ్లు గోదావరివి, చుట్టరికాలన్నీ చుట్టుపక్కల ఊళ్లతో. పరిపాలన మాత్రం ఎక్కడో తమిళదేశపు తీరాన ఉన్న పుదుచ్చేరిది. ఈ ఊరిని పక్క ఊళ్లనుంచి వేరుచేసేది ముఖ్యంగా చట్టమే.

ఒకప్పుడు యానాం మంగళవారం సంత పెట్టింది పేరు. ఇంగ్లీషు ఏలుబడిలో ఉన్న తెలుగువాళ్లు సుంకం పడని విదేశీ సరుకుల కోసం ఆ సంతకు వచ్చేవాళ్లు. స్వేచ్ఛా వర్తకం అంటే ఇదే కదా అనిపిస్తుంది. కాని ఆ చవక ఎక్కణ్ణుంచి వచ్చింది? యానాంలో ఎవరూ ఆ సరుకును తక్కువ ఖర్చుతో తయారుచెయ్యలేదు. అవతల సుంకం ఉంది కనక ఇవతల లాభం ఉంది. అవతలి ప్రభుత్వం సుంకం ఎత్తేసిన మర్నాడు ఆ సంతకు బండి కట్టుకుని వచ్చేవాడుండడు. అంటే ఆ సంతలో అమ్ముడవుతూ వచ్చింది రెండు ప్రభుత్వాల చట్టాలకు మధ్య ఉన్న తేడా.

ఈ తేడా విలువ మనకంటే ముందు ఈస్టిండియా కంపెనీకి తెలుసు. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు కంపెనీకి గుత్తసొత్తు. ఫ్రెంచి స్థావరాల్లో ఉప్పు ఇష్టమొచ్చినట్టు పండి, ఇష్టమొచ్చినట్టు అమ్ముడైతే ఆ గుత్తకు గండి పడుతుంది. అందుకని 1815 మార్చి 7న లండనులో ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ ఒక ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి స్థావరాల్లో తయారయ్యే ఉప్పు కొనే హక్కు కంపెనీకి దఖలుపడింది. బదులుగా ఫ్రెంచి ప్రభుత్వానికి ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు. దీనికి రెండేళ్ల ముందే, 1813లో, భారతదేశంతో వర్తకం చెయ్యడంలో కంపెనీకున్న గుత్తహక్కును ఇంగ్లండు పార్లమెంటు రద్దుచేసింది, వర్తకం అందరికీ స్వేచ్ఛగా ఉండాలన్న సూత్రం మీద. ఇంగ్లండు మరబట్టకు స్వేచ్ఛ, తెలుగుదేశపు ఉప్పుకు గుత్త. రెండూ ఒకే పార్లమెంటు నీడన ఒకే కాలంలో సుఖంగా కాపురం చేశాయి. ఉప్పుమడిలో దిగేవాణ్ణి ఆ ఒప్పందం గురించి ఎవరూ సంప్రదించలేదు.

ఇంతకంటే బాధాకరమైనది పెళ్లిళ్ల సంగతి. ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణ (1897) పీఠికలో గురజాడ ఒక లెక్క చెప్పాడు: విశాఖ జిల్లాలో మూడేళ్లలో నమోదు చేయించిన శుల్క వివాహాలు 1,034. ఆ నాటకాన్ని మనం సంఘసంస్కరణ నాటకమని పాఠం చెబుతాం. అది మార్కెట్టును గురించిన నాటకం కూడా. అగ్నిహోత్రావధాన్లు అమ్మడానికి సిద్ధం, లుబ్ధావధాన్లు కొనడానికి సిద్ధం, బేరం కుదిరింది. ఇద్దరిలో ఎవరిమీదా ఎవరూ బలప్రయోగం చెయ్యలేదు. స్వేచ్ఛా మార్కెట్టు సిద్ధాంతానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు, సుబ్బి మాట ఎత్తకపోతే. బేరమాడేవాళ్ల స్వేచ్ఛను కొలిచే శాస్త్రం సరుకు వంక తిరిగి చూడదు.

1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి, పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చెయ్యడం బ్రిటిషిండియాలో నేరమయింది. యానాం బ్రిటిషిండియా కాదు. పసిపిల్లల్ని వెంటబెట్టుకుని పెళ్లివారు యానాం దారి పట్టారు. ఆ ఊరికి కల్యాణపురమని పేరు వచ్చింది. ఈ ముచ్చటను మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ నవ్వు నాకు ఎప్పుడూ రుచించలేదు. యానాం దాకా ప్రయాణం పెట్టుకుని, అక్కడ విడిది తీసుకుని, బాజాభజంత్రీలతో పెళ్లి చేసుకోగలిగినవాళ్లు ఎవరు? కూలినాలి చేసుకునేవాళ్లు కారు. శారదా చట్టాన్ని తిట్టినవాళ్లు సంప్రదాయం పేర తిట్టారుగాని, వాళ్లు అడిగింది జోక్యం లేని బజారునే. ఆ బజారు వాళ్లకు ఫ్రెంచి జెండా కింద దొరికింది. ఒక్క గురజాడకే ఆ జెండా నీడన జరిగే సంబరం చూసే యోగం లేకపోయింది.

ఇక సారా. మద్రాసు రాజధానిలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టింది; 1948 నాటికి అది రాష్ట్రమంతటికీ, అంటే మన కోస్తా జిల్లాలకు కూడా, వ్యాపించింది. యానాంలో ఫ్రెంచివాళ్లకు ఆ పట్టింపు లేదు. తర్వాత జరిగిన ఒక విచిత్రాన్ని మన చరిత్రకారులు విడివిడిగా చెప్పి ఊరుకుంటారు. 1954 నవంబరు 1న యానాం మనదయింది. సరిగ్గా అయిదు రోజులకు, నవంబరు 6న, కర్నూలులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడగొట్టిన సమస్య మద్యనిషేధమే. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం వినలేదు. జీవనం పోయిన గీతకార్మికుల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపాడు. తాటిచెట్టు ఎక్కి బతికే మనిషికి చట్టం ఒక్క రోజులో దొంగ అని పేరు పెట్టింది. అతనికి వేరే పని చూపించే బాధ్యత మాత్రం ఆ చట్టం గట్టిగా నెత్తిన వేసుకోలేదు. జోక్యం అంటే ఎవరిమీద జోక్యం అన్న ప్రశ్న అప్పుడే శాసనసభ దాకా వచ్చిందన్నమాట.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర జిల్లాల్లో నిషేధం, తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వం పాడించే సారా పాట, నడిమధ్య యానాంలో బాహాటంగా దుకాణం. ముత్యాలమ్మ విశాఖలో చేస్తే నేరం, అదే పని హైదరాబాదులో పాటదారు చేస్తే ఖజానాకు రాబడి, యానాంలో చేస్తే మామూలు వ్యాపారం. రావిశాస్త్రి కథలు రాసిన రోజుల భూగోళం ఇది. దీన్ని దృష్టిలో పెట్టుకోకుండా ‘మాయ’ అనే మాటకు అర్థం చెప్పడం కష్టం.

తర్వాతి కాలంలోనూ యానాం పాత్ర మారలేదు. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం అమలుచేసింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆ మధ్యకాలంలో యానాం దుకాణాలకు ఎక్కడెక్కడి జనం వచ్చారో తూర్పుగోదావరిలో చిన్నపిల్లల్నడిగినా చెప్పేవాళ్లు. నిషేధం పోయిన తర్వాత పన్నుల తేడా మిగిలింది. 2017లో జి.ఎస్.టి. వచ్చి దేశమంతా ఒకే మార్కెట్టు అయిందన్నారు. తాగే మద్యాన్నీ పెట్రోలునూ దాని పరిధిలోకి రానివ్వలేదు. యానాం పొలిమేర ప్రాణం నిలబడ్డది ఆ రెండింటి మీదే. ఒకే మార్కెట్టు అని చాటినవాళ్లే, తమకు రాబడి తెచ్చే చోట గోడలు కూలకుండా చూసుకున్నారు.

సారా దగ్గరే ఆగితే యానాం సంగతి పూర్తిగా చెప్పినట్టు కాదు. 1980ల నుంచి అక్కడికి కర్మాగారాలు కూడా వచ్చాయి. కేంద్రపాలిత ప్రాంతంలో దొరికే రాయితీలు వాటిని ఆకర్షించాయి. రాయితీ కూడా జోక్యమే, కాకపోతే దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. 2012 జనవరి 27న రీజెన్సీ సిరామిక్స్ కార్మికుల ఆందోళనలో పోలీసు చర్య సందర్భంగా కార్మిక నాయకుడొకరు చనిపోయారు. అదే రోజు ఆగ్రహించిన గుంపు దాడిలో కంపెనీ ఉన్నతాధికారి ఒకరు చనిపోయారు. ఫ్యాక్టరీ మూతపడింది. వేతనం గురించి అడిగినప్పుడు మార్కెట్టు అని జవాబు వస్తుంది, అడగడం గట్టిగా ఉన్నప్పుడు పోలీసు వస్తాడు. ఇద్దరూ ఒకే గేటులోంచి వస్తారు.

ఇప్పుడు కథ దగ్గరకు వద్దాం. ‘మాయ’లో ఒక కుర్ర ప్లీడరున్నాడు, సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ఉంది. అతను పుస్తకాల్లో చదువుకున్న చట్టాన్ని ఆమె తన బతుకులో చూసింది. చట్టం ఎట్లా నడుస్తుందో ఆమె చెబుతుంది, అతను వింటాడు. కథలో ఇద్దరి స్థానాలూ ఇట్లా తారుమారు కావడమే దాని శిల్పం. రావిశాస్త్రి ఉపమానాల గురించి మన విద్యార్థులు చాలా వ్యాసాలు రాశారు. ఆ ఉపమానాల అడుగున నడిచే లెక్క గురించి రాసినవాళ్లు తక్కువ. ఈ కథలో అమ్మకం జరుగుతున్న సరుకు ఏది? పైకి సారా. జాగ్రత్తగా చదివితే సారా నిమిత్తమాత్రంగా కనిపిస్తుంది. అసలు బేరం చట్టం మీద నడుస్తోంది. కేసు పెట్టకుండా ఉండడానికి ఒక ధర, పెట్టిన కేసు నిలవకుండా ఉండడానికి ఒక ధర, సాక్షి నోటికి ఒక ధర. ప్లీడరు ఫీజుకూ ఈ వరసలోనే చోటుంది. కుర్రవాడిని కలవరపెట్టేది అదే. తాను బేరానికి బయట ఉన్నానని అతను అనుకుంటున్నాడు.

మన భాషలో ఈ ధరకు ‘మామూలు’ అని పేరు. ఎవరు పెట్టారోగాని గొప్ప పేరు. ఎక్కువ అడిగితే లంచం, వాడుక ప్రకారం అడిగితే మామూలు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ముందే తెలిసిన ధర, రోజూ బేరమాడనక్కరలేని ధర. స్థిరమైన, అందరికీ తెలిసిన ధరే మంచి మార్కెట్టుకు గుర్తని ఆర్థికశాస్త్రం చెబుతుంది. ఆ లెక్కన పోలీసు మామూలంత మంచి మార్కెట్టు మనకు మరొకటి లేదు.

స్వేచ్ఛా మార్కెట్టు పాఠకుడు తప్పటడుగు వేసింది ఇక్కడే. చట్టం సరుకైపోవడానికి నిషేధమే కారణమని అతననుకుంటున్నాడు. కోర్టూ పోలీసుల లోకాన్ని రావిశాస్త్రి సారా కేసులతో విడిచిపెట్టలేదు. ‘ఆరు చిత్రాలు’లోనూ ‘రత్తాలు-రాంబాబు’లోనూ అదే లోకం. నిషేధం ఎత్తేశాక కూడా ఆ లోకం పదిలంగా ఉంది. సారా పాట చట్టబద్ధంగా నడిచిన రోజుల్లో పాటదారు మనుషులు పల్లెల్లో చెలాయించిన అధికారం తెలిసినవాళ్లకు దీనిమీద వాదన అక్కరలేదు. కొనగలిగినవాడికీ కొనలేనివాడికీ మధ్య అంతరం ఉన్నంతకాలం, ప్రభుత్వం దేన్ని తాకినా అది అమ్మకానికి వస్తుంది. తాకకుండా వదిలినా, వదలడం అమ్మకానికి వస్తుంది. ఉప్పు ఒప్పందంలో ఫ్రెంచివాళ్లు కంపెనీకి అమ్మింది అటువంటిదే. తమ స్థావరాల్లో ఉప్పు బజారు తమ చెప్పుచేతల్లో ఉంది, దాన్ని వదులుకోవడానికి ధర పుచ్చుకున్నారు.

ఇక మన ఇంటి సంగతి. ‘ఆరు సారా కథలు’ చదివి, ఈ రాజ్యంలో చట్టం ధనికులదని మనం బల్లగుద్ది చెబుతాం. తర్వాతి సభలో, ఏ సమస్య మీదనైనా, ప్రభుత్వమే తన చేతుల్లోకి తీసుకోవాలని తీర్మానం చేస్తాం. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న పొసగనితనాన్ని మన విమర్శ ఇంకా ఎదుర్కోలేదు. ప్రభుత్వరంగం అనగానే సగం సమాజవాదం వచ్చేసినట్టు సంతోషించే అలవాటు మనకుంది. సారా విషయంలో ప్రభుత్వరంగం ఏం చేసిందో చూడండి. 1980ల్లో ‘వారుణి వాహిని’ అనే అందమైన సంస్కృతం పేరుతో ప్రభుత్వమే సారాను నింపించి పాటదార్ల ద్వారా పల్లెపల్లెకూ చేర్చింది. కాపుసారా తాగి చచ్చిపోకుండా జనానికి మంచి సరుకు అందించడం లక్ష్యమని చెప్పారు. అంతకుముందు సంతకో జాతరకో తాగే మనిషి ఇంటి అరుగు మీద కూచుని తాగే వసతి కలిగింది. మళ్లీ 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో చిల్లర మద్యం దుకాణాలన్నీ ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లాయి, దశలవారీగా నిషేధం తెస్తామన్న మాటతో. ధరలు పెరిగాయి, యానాం పొలిమేర మళ్లీ కళకళలాడింది. 2024 అక్టోబరులో లాటరీ తీసి దుకాణాల్ని ప్రైవేటువాళ్లకు ఇచ్చారు. ఈ అయిదేళ్లలో దుకాణం మీద బోర్డు రెండుసార్లు మారింది. బడ్జెట్లో ఎక్సైజు రాబడి అనే పద్దు ఒక్కసారీ కొట్టివేత పడలేదు.

దీన్నిబట్టి ప్రభుత్వ జోక్యమంతా వ్యర్థమని నేను చెప్పబోవడం లేదు. శారదా చట్టం వల్ల పెళ్లి తప్పిన పిల్ల ఒక్కతె ఉన్నా, ఆ పిల్ల తరఫున నేను ఆ చట్టాన్ని సమర్థిస్తాను. ఆ చట్టం తప్పల్లా యానాం పొలిమేర దగ్గర ఆగిపోవడమే. శారదా చట్టానికీ, వారుణి వాహినికీ ‘ప్రభుత్వ జోక్యం’ అని ఒకటే పేరు పెట్టి, అవుననో కాదనో చెప్పమని అడగడం అన్యాయమైన ప్రశ్న. మనం ఆ ప్రశ్నను ఒప్పుకుని ‘అవును’ పక్షాన నిలబడుతున్నాం. ఎదుటివాడు ‘కాదు’ పక్షాన నిలబడుతున్నాడు. రావిశాస్త్రి ఈ ఇద్దరికీ మధ్య సర్దుబాటు చేసినవాడు కాడు. ఆయన అడిగిన ప్రశ్న వేరు. చట్టం ముత్యాలమ్మ దగ్గరకు వచ్చేటప్పటికి ఎవరి చేతులమీదుగా వస్తోంది, దారిలో ఎంతమందికి అమ్ముడుపోయి వస్తోంది అని అడిగాడు.

అయినా రావిశాస్త్రి కథలో ఒక లోటుందని చెప్పక తప్పదు. ‘మాయ’లో నిషేధం పైనుంచి వచ్చి పడ్డ చట్టం. దాన్ని కోరుకున్న మనిషి ఆ కథాలోకంలో లేదు. సారా అమ్మే ఆడదాని గొంతు అంత బలంగా వినిపించిన రచయితకు, తాగి ఇంటికొచ్చినవాడి చేత తన్నులు తిన్న ఆడదాని గొంతు మీద ఆ కథలో పని పడలేదు. 1960ల నాటికి చరిత్ర కూడా ఆమెను ముందుకు తీసుకురాలేదనవచ్చు. అది సంజాయిషీ అవుతుందిగాని లోటును పూడ్చదు. ఈ ఖాళీలోకే స్వేచ్ఛా మార్కెట్టు పాఠకుడు దూరి వస్తున్నాడు. నిషేధం ఎవరికీ అక్కరలేని పైవాళ్ల చాదస్తమని అతను చెప్పగలుగుతున్నది, మనం మెచ్చే కథలో దాన్ని అడిగేవాళ్లు కనిపించకపోవడం వల్లనే.

అడిగినవాళ్లు 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో కనిపించారు. అక్షరదీపం కార్యక్రమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ల వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉంది, తాగుబోతు భర్త వల్ల నాశనమైన ఇల్లాలి కథ. దూబగుంటలో ఆ పాఠం చదువుకున్న ఆడవాళ్లు రోశమ్మ ముందు నడవగా లేచివెళ్లి సారా దుకాణం మూయించారు. ఆ ఊరి సంగతి తర్వాత అదే జిల్లాలో వాచకానికెక్కి మరిన్ని ఊళ్లకు చేరింది. సారా పాటలు జరగకుండా కలెక్టరు కచేరీల దగ్గర ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా రద్దయింది. ఆ వాచకం అచ్చువేయించింది ప్రభుత్వమే, సారా పాట పాడించింది ప్రభుత్వమే. ఒక చెయ్యి చేసే పని రెండో చేతికి తెలియని ఆ సందులో ఆడవాళ్లు జొరబడ్డారు. వాళ్లు మార్కెట్టు స్వేచ్ఛను గౌరవించలేదు, ప్రభుత్వం జోక్యం చేసుకునేదాకా కాచుకునీ కూచోలేదు. దుకాణం ముందు తామే చీపుళ్లు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత చట్టం వాళ్ల వెనకాల వచ్చింది, మళ్లీ వాళ్లను దాటిపోయింది.

సాహిత్య విమర్శకులం మనం ఈ సంఘటనను ఉద్యమ చరిత్రగా చెప్పుకుంటాంగాని, ‘సీతమ్మ కథ’ను కథగా ఎన్నడూ పట్టించుకోలేదు. శిల్పం లేదనీ, పాఠ్యపుస్తకమనీ, రచయిత పేరు లేదనీ పక్కన పెట్టాం. కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవాళ్లు కూడబలుక్కుని చదవగలిగిన చిన్న చిన్న వాక్యాల కథ, చదివినవాళ్లను దుకాణం దాకా నడిపించింది. ‘మాయ’ చదివిన మధ్యతరగతి పాఠకుడు నిట్టూర్చి పుస్తకం మూస్తాడు. రెండు కథలకూ పాఠకులు వేరు, ఉద్దేశాలు వేరు. తూకం వేసి ఒకటి గొప్పదని తేల్చడం నా పని కాదు. కాని ఎం.ఏ. తరగతుల్లో ‘మాయ’ పాఠం చెప్పే అధ్యాపకులు ఆ వాచకం ప్రతి ఒకటి ఎక్కడైనా సంపాదించి దాని పక్కన పెట్టాలి. ముత్యాలమ్మ అమ్మిన సారా సీతమ్మ ఇంటికి చేరింది. ఆ ఇద్దరు ఆడవాళ్లనూ ఒకే గదిలో కూచోబెట్టిన కథ తెలుగులో రావలసి ఉంది. ఆ గది యానాంలో ఉంటే మరీ మంచిది. అక్కడైతే ముత్యాలమ్మను పట్టుకోవడానికి పోలీసు రాడు. అప్పుడు సీతమ్మ ఆమెతో ఏమంటుందో, ఆమె ఏం జవాబు చెబుతుందో రాసేవాళ్లు రాయాలి.